తండ్రి పేరు దగ్గర ఆగిన పాస్‌పోర్టు

"తినకుంటే మానుకో! అన్నం మింద అలిగితే పాస్‌పోర్టు వచ్చేస్తాదా?"

చెంగల్వరాయుడు అంగట్లోంచి నడవలోకి వచ్చి మరీ అరిచాడు. ముందు గదులు పాత్రల అంగడి, వెనక గదులు కాపురం. చెంబు బేరమాడుతున్న ఊత్తుకోట మనిషి బిత్తరపోయి, ఆ అరుపు తనమీద కాదు కదా అని అటూ ఇటూ చూశాడు.

సుదర్శనం కంచం ముందు కూర్చునే ఉన్నాడు. కలిపిన అన్నం ఎండిపోతూ ఉంది. అమ్మవారి టీకా వేయించుకున్న చోట ఎడమ భుజం ఎర్రగా ఉబ్బి ఉంది. టీకా వేయించుకున్నట్టు పసుపుపచ్చ పుస్తకం వచ్చింది. కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ హాకీ చూడటానికి టికెట్టు తీసిపెట్టామని, వస్తే మా ఇంట్లోనే ఉండవచ్చని ఆ పక్కనే క్లాంగులో ఉండే చుట్టాలు రాసిన జాబు వచ్చింది. రావలసిందల్లా పాస్‌పోర్టు ఒక్కటే. దానికి బదులు నిన్న పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది.

బడి సర్టిఫికెట్టులో తండ్రి పేరు మునిరాజు అని ఉంది, రేషన్ కార్డులో చెంగల్వరాయుడు అని ఉంది, ఈ రెంటిలో ఏది నిజమో ప్రమాణపత్రంతో తెలుపవలసింది అని ఆ కవరులో ఉన్న సంగతి. ఇంగ్లీషులో చాలా మర్యాదగా రాశారు. మర్యాదగా రాసినంత మాత్రాన ఇల్లు కాలకుండా ఉంటుందా?

"అబ్బాయిని తినమనండి" అంది మీనాంబ మొగుడితో.

కంచానికి బారెడు దూరంలో ఆమె నిలబడి ఉంది. ఆ మాట నేరుగా వాడితోనే అనవచ్చు. అనదు. ఎన్నడూ అనలేదు.

"నువ్వే చెప్పరాదా? నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు చెంగల్వరాయుడు.

బల్ల మీద కూర్చున్న వరదన్ గొంతు సవరించుకున్నాడు. ఇతను సుదర్శనంతో కలిసి హాకీ ఆడినవాడు. ఇప్పుడు మదరాసు బ్రాడ్వేలో కప్పల్ టికెట్లు, అంటే ఓడ టికెట్లు, అమ్మే ఆఫీసులో ఉద్యోగం. తిరువళ్ళూరు చుట్టుపక్కల నుంచి ఆట చూడబోయే నలుగురైదుగురికి కాగితాలన్నీ నడిపిస్తున్నది ఇతనే.

"పెదనాయనా, కోపం వద్దు. నేను చెప్పేది వినండి. పాస్‌పోర్టు లేకుంటే విసా ముద్ర పడదు. విసా లేకుంటే కప్పల్ ఎక్కనీరు. ఎక్కి ఆ పక్క దిగినా ఆడ ఇమిగ్రేషన్ ఆఫీసరని ఒకడు కూర్చోనుంటాడు. వాడు పాస్‌పోర్టు చూస్తాడు, టీకా బుక్కు చూస్తాడు, తిరుగు టికెట్టు చూస్తాడు, యాడ ఉంటావు, ఎవురింట్లో ఉంటావు అంటాడు. అన్ని కాగితాలూ ఒకటే మాట చెప్పాల. ఒకదాంట్లో ఒక నాయన, ఇంకోదాంట్లో ఇంకో నాయన అంటే అదే కప్పల్లో తిరగ్గొట్టేస్తాడు."

"ఆట చూసి వచ్చేవాడికి ఇంత జాతకమా? పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇంత అడగరు గదరా!"

"ఆట చూస్తామని పోయి ఆడ్నే రబ్బరు తోటల్లో నిలిచిపోయినోళ్లు ఉండారు పెదనాయనా. అందుకే వాళ్లకు అనుమానం. నువ్వెవురు, ఎవురి కొడుకువు, మళ్లా ఇంటికి పోతావా పోవా, ఇదే వాళ్లకు కావాల్సింది."

"ఎవురి కొడుకువు" అన్న మాట దగ్గర మీనాంబ తలుపు చాటుకు జరిగింది.

ఆ వీధిలో ఈ కథ తెలియనివాళ్లు లేరు. మీనాంబకు ముగ్గురు బిడ్డలు పుట్టి, పురిటి వాసన పోకముందే పోయారు. నాలుగోవాడు పుట్టినప్పుడు ఆమె వాడి ముఖం కూడా చూడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు చెంగల్వరాయుడి అక్క వల్లియమ్మ తిరుత్తణి నుంచి వచ్చింది. పురిటి నీళ్లు అయ్యాక తల్లినీ బిడ్డనూ తిరుత్తణి కొండెక్కించి, సుబ్రహ్మణ్యస్వామి ఎదుట చేటెడు తవుడు మీనాంబ ఒళ్లో పోసి బిడ్డను కొనుక్కుంది. "ఈ బిడ్డ నాది" అని వల్లియమ్మ చెప్పింది. "నాది కాదు" అని మీనాంబ చేత చెప్పించింది. తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ అంటే మృత్యువుకు కూడా చులకనైపోయి, పట్టుకుపోకుండా వదిలేస్తుందని ఆ పక్క నమ్మకం.

వదిలేసింది. బిడ్డ బతికాడు. పెరగడం మాత్రం తిరువళ్ళూరులో మీనాంబ చేతి అన్నం తిని పెరిగాడు. అయినా మాట మాటే కదా! వల్లియమ్మను వాడు అమ్మా అంటాడు. కన్నతల్లిని అత్తా అంటాడు, కన్నతండ్రిని మామా అంటాడు. బళ్లో వేసే రోజు వల్లియమ్మ పెనిమిటి మునిరాజు వేలు పట్టుకుని తీసుకుపోయి, తండ్రి పేరు అడిగితే తన పేరే చెప్పాడు. అట్లా వాడు ఎం. సుదర్శనం అయ్యాడు. రేషన్ కార్డు రాసినవాడికి ఈ గొడవ తెలియదు గనుక, ఇంట్లో ఎవరున్నారో చూసి రాసుకుపోయాడు.

ఈ ఇరవై ఆరేళ్లలో "నా కొడుకు" అన్న మాట మీనాంబ నోటి నుంచి రాలేదు. ఎవరైనా కొత్తవాళ్లు "మీ అబ్బాయా?" అంటే "మా వదిన కొడుకు" అనేది. మొదట్లో అలా అన్నాక లోపలికి పోయి ఏడ్చేది. తర్వాత ఏడుపు పోయింది, భయం మాత్రం మిగిలింది. తను నోరు జారిన క్షణం, ఓహో వీడు ఈమె బిడ్డేనా అని మృత్యువు తిరిగి చూస్తుందని ఆమె భయం.

"ఇప్పుడు ఏం చెయ్యాలంటావు?" అన్నాడు చెంగల్వరాయుడు వరదన్‌తో.

"సులువే. చెంగల్వరాయుడే నాయన అని మీరూ, వీడు నా కడుపున పుట్టినోడే అని పెద్దమ్మా నోటరీ ముందర అఫిడవిట్ ఇయ్యాల. సీక్రం ఇయ్యాల. మాసి నెల పుడతానే కప్పల్ బయల్దేరతాది."

"నేను చెప్పను" అంది మీనాంబ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"వాడు నా కొడుకని నేను చెప్తా ఉండాను గదా. నాకేమన్నా అయిందా?" అన్నాడు చెంగల్వరాయుడు.

"మీ మాట ఎవురికి కావాల? సామి ముందర నాది కాదు అనింది నేను. మునిరాజన్న కొడుకనే రాసి పంపండి. ఇన్నాళ్లు నడవలేదా?"

"దానికి దత్తత పత్రం కావాల పెద్దమ్మా" అన్నాడు వరదన్. "తవుడు ఇచ్చి కొన్నాం అంటే రసీదు యాడుంది అంటారు."

ఇంకో రోజైతే ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లు.

అప్పుడు సుదర్శనం చెయ్యి కడుక్కున్నాడు. తినని చెయ్యే కడుక్కుని, తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు.

"నాకు ఏ కాగితమూ వద్దు. మా నాయన పేరు నేను కొట్టెయ్యను."

మునిరాజు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. తిరుత్తణి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా ఆయన. సెలవు దొరికితే అరక్కోణం రైల్వే మైదానంలో హాకీ కర్ర పట్టుకుని కనిపించేవాడు. వీడి చేతికి కర్ర ఇచ్చింది ఆయనే, రేడియోకు చెవులానించి ఆట వినడం నేర్పింది ఆయనే. ఎన్నటికైనా ప్రపంచ కప్ కళ్లారా చూడాలని ఆయనకు ఒకటే కోరిక. కొరివి పెట్టింది వీడు. ఆ కోరిక కూడా వీడి మెడకే చుట్టుకుంది. ఇప్పుడు ఆయన కోరిక తీర్చాలంటే ఆయన పేరే తీసెయ్యాలి. ఇంతకంటే చిక్కు ఇంకేముంటుంది?

"మీ నాయన పేరా?" చెంగల్వరాయుడి గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "మరి నేనెవుర్రా?"

సుదర్శనం నేలచూపులు చూశాడు.

"మీరు మామ."

వరదన్ చేతిలోని కాగితాలను ఊరికే సర్దుకున్నాడు. చెంగల్వరాయుడు కండువా దులిపి భుజాన వేసుకుని అంగట్లోకి వెళ్లిపోయాడు. ఊత్తుకోట మనిషి అడిగిన ధరకే చెంబు కట్టి ఇచ్చేశాడు. ఆయన వ్యాపారం మొదలుపెట్టాక అట్లా ఇచ్చిన దాఖలా లేదు.

*

ఆ మధ్యాహ్నమే మీనాంబ బండెక్కి తిరుత్తణిలో దిగింది. ఇంట్లో చెప్పింది కావడి మొక్కు సంగతి. మనసులో ఉన్నది వేరే. వదిన ఒక్కమాట అడ్డం వేస్తే చాలు, ఎవరూ కిక్కురుమనరు. నా బిడ్డను నేను వదలను అని వదిన అంటే, ఆ నోటరీ ముందు నిలబడే గండం తనకు తప్పిపోతుంది. వాడి ప్రయాణం ఆగిపోతే పోనీ, ప్రాణం నిలుస్తుంది. ఇదీ ఆమె లెక్క.

వల్లియమ్మ వాకిట్లో కూర్చుని మునగాకు దూస్తూ ఉంది. మీనాంబను చూడగానే చేతులు ఆగిపోయాయి.

"ఏమే, చెప్పకుండా దిగబడినావు? బిడ్డ బాగుండాడా?"

"బాగుండాడు."

"ఉంటే సరి. అట్ల కూర్చో. నీళ్లు తాగు. మొగం చూస్తే వాడిపోయి ఉండావు, మీ ఆయనతో గలాటానా?"

మీనాంబ కూర్చుని తనూ ఒక రెమ్మ తీసుకుని ఆకు దూయడం మొదలుపెట్టింది. చేతికి పని ఉంటే నోరు తేలికవుతుంది. కవరు వచ్చిందీ, వరదన్ చెప్పిందీ, వాడు కొట్టెయ్యను అన్నదీ అంతా చెప్పింది. మామ అన్న మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. తర్వాత అదీ చెప్పేసింది.

వల్లియమ్మ ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"అబ్బబ్బ! మనం చేసిన పనికి సర్కారుకే తల తిరిగిందే! ఇద్దరు నాయన్లా ఒకడికి అని వాళ్ల జుట్టు వాళ్లే పీక్కుంటా ఉంటారు."

"నవ్వొద్దు వదినా. నువ్వు వద్దను. నువ్వు వద్దంటే అందురూ ఊరకుంటారు."

"నేను యాల వద్దంటాను?"

"వాడు నీ బిడ్డ గదా."

"అవును, నా బిడ్డే. నా బిడ్డ కప్పలెక్కి పోయి ఆట చూసి రావాల. దానికి నేను అడ్డం పడతానా? నీకేమన్నా పిచ్చా?"

మీనాంబ లెక్క అక్కడితో తలకిందులైంది. చేతిలోని రెమ్మ కింద పడేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఆ మాట అనలేను వదినా. అంటే వాడు ఉండడు. ఆ ముగ్గురినీ నాది, నాది అని గుండెకు కరుచుకున్నాను. ఒక్కరన్నా ఉండారా? వీణ్ణి నాది కాదన్నాను, ఉండాడు. ఇప్పుడు వాణ్ణి సముద్రం మిందకు పంపిస్తా నాది అనమంటారా? నాకు గుండె ఆగిపోతాదే!"

వల్లియమ్మ ఆమెను ఏడవనిచ్చింది. కొంచెంసేపయ్యాక మునగపుల్లలు ఒకపక్కకు నెట్టి దగ్గరకు జరిగింది.

"ఏమే మీనా, యముడు సముద్రం దాటి మలేసియాకు పోతాడంటావా? వాడికి మాత్రం పాస్‌పోర్టు వద్దా? తిరుగు టికెట్టు చూపించు అంటే ఏం చేస్తాడు?"

ఏడుపు మధ్యలోనే మీనాంబకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

"నీకు అంతా ఎగతాళే."

"ఎగతాళి కాదు, విను. ఇన్నేళ్లు నువ్వు పక్కన నిలబడి, బిడ్డ చేత నన్ను అమ్మా అనిపించినావు. నువ్వు అత్తా అనిపించుకున్నావు. ఒక్క పొద్దన్నా మూతి ముడిచినావా? దీపావళికి, ఆడికృత్తికకు నీ చేత్తో తలంటి నా ఇంటికి పంపించినావు. మీ మునిరాజన్న పోయినప్పుడు కొరివి పెట్టేదానికి ఎవురున్నారు అని ఊరంతా చూస్తా ఉంటే, నువ్వే వాణ్ణి ముందుకు తోసినావు. పిల్లాపీచూ లేని మనిషి కొడుకు చేతి నిప్పుతో పోయినాడు. అది నీ పుణ్యం గాదా? నేను ఎవురికి చెప్పుకోను?"

"నువ్వు కొనకుంటే వాడు యాడుండును వదినా? ఆ పొద్దు నువ్వు కొండ మింద ఆ మాట అనకుంటే, నేను గోడవైపు తిరిగి అట్లే పోయుందును. నాకు ఇల్లుంది, వాకిలుంది, వాడు మూడు పూటలా నా కళ్ల ముందర తిరగతా ఉండాడు. ఇదంతా నువ్విచ్చిందే."

ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు. ఇన్నేళ్లలో ఈ మాటలు ఒకరితో ఒకరు అనుకోలేదు. అనుకోవలసిన అవసరం ఈ పాస్‌పోర్టు వల్ల వచ్చింది. అందుకు ఆ ఆఫీసువాళ్లకు కూడా దణ్ణం పెట్టవచ్చు.

"సామి ఊరకుంటాడా?" అంది మీనాంబ చివరికి, చిన్నపిల్లలాగా.

"కొనింది నేను. తిరిగి ఇచ్చేదీ నేనే గదా? సామితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు పోయి వకీలుతో మాట్లాడు."

*

మరునాడు ఉదయం తాలూకాఫీసు వెనక వీధిలో నోటరీ వకీలు దేవరాజులు ఇంటి వసారాలో అందరూ చేరారు. సుదర్శనం రానన్నాడు. వల్లియమ్మ మొదటి బండికే దిగి, "నేను పిలిస్తే కూడా రావా నాయనా?" అనేసరికి మారుమాట లేకుండా చొక్కా తగిలించుకున్నాడు. చెంగల్వరాయుడు మాత్రం నిన్నటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. గోడకు ఆనుకుని కండువా అంచు నలుపుతూ కూర్చున్నాడు.

చెంగల్వరాయుడి ప్రమాణం చిటికెలో అయిపోయింది. తర్వాత దేవరాజులు కళ్లద్దాలు సర్దుకుని మీనాంబ కాగితం అందుకున్నాడు.

"ఇంగ్లీషులో ఉందమ్మా. నేను తెలుగులో చెప్తాను. తర్వాత నీ నోటితో నువ్వు ఒప్పుకోవాల."

"వద్దులే అయ్యా. సంతకం యాడ పెట్టాల్నో చూపించు, పెడతాను" అంది మీనాంబ.

ఆమె రాత్రంతా ఆలోచించుకున్న ఉపాయం అది. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టేస్తే తను ఏమీ అననట్టే. తను అనలేదు, స్వామి వినలేదు, సర్కారు పని సర్కారుకు అయిపోతుంది.

"కుదరదు. ఆమెకు వచ్చిన భాషలో చదివి వినిపించగా ఆమె ఒప్పుకుంది అని కింద నేను రాసి సీలు వెయ్యాల. నువ్వు ఒప్పుకోకుండా ఒప్పుకున్నావని నేనెట్ల రాసేది?"

"తలకాయ ఊపితే చాలదా?"

"ఇదేమన్నా పెళ్లిచూపులా తల్లీ?" దేవరాజులు కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. "తిరువళ్ళూరులో కాపురముండే చెంగల్వరాయుడి భార్య మీనాంబ అయిన నేను ప్రమాణం చేసి చెప్పేది ఏమంటే, సుదర్శనం అనే అతను నా కడుపున పుట్టిన కొడుకు. అంతేనా? చెప్పు."

మీనాంబ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ముగ్గురు బిడ్డలూ కళ్ల ముందు తిరిగారు. వాళ్ల ముఖాలు సరిగ్గా గుర్తు కూడా లేవు, గుప్పెళ్లు బిగించుకున్న చేతులు మాత్రం గుర్తున్నాయి. ఎదురుగా నాలుగోవాడు ఆరడుగుల మనిషి, తలుపుకు ఆనుకుని, తన పాదాల వైపు చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

ఆమె వల్లియమ్మ వైపు చూసింది. వల్లియమ్మ వీధిలోకి చూస్తూ ఉంది.

"వదినా, చెప్పనా?"

"చెప్పవే. ఇంకా ఎన్నాళ్లు దాచుకుంటావు?" అంది వల్లియమ్మ తల తిప్పకుండానే.

"వీడు" అంది మీనాంబ. ఊపిరి తీసుకుంది. "వీడు నా కొడుకు."

ఏమీ కాలేదు. వీధిలో రిక్షావాడు గంట కొట్టుకుంటూ పోయాడు. సుదర్శనం ఎదురుగా నిలబడే ఉన్నాడు, కళ్లెత్తి తనవైపే చూస్తున్నాడు.

"నా కొడుకు. నా కడుపున పుట్టినోడు. నేను కన్నాను వీణ్ణి, నేను. నా కొడుకయ్యా, నా కొడుకు..."

"ఒక్కసారి చాలమ్మా" అన్నాడు దేవరాజులు.

ఆమెకు వినపడితే కదా! ఇరవై ఆరేళ్ల మాట అది, ఒక్కసారితో తీరుతుందా? కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నా తుడుచుకోకుండా అదే మాట అంటూ ఉంది. వరదన్ చూడలేక వీధిలోకి పోయాడు. చెంగల్వరాయుడు కండువాలో ముఖం దాచుకున్నాడు.

దేవరాజులు ఆమె చేత సంతకం పెట్టించి, సీలు కొట్టి, సాక్షి సంతకానికి వల్లియమ్మ వైపు తిరిగాడు.

"మీ పేరు?"

"వల్లియమ్మ. పోయిన మునిరాజు పెండ్లాన్ని."

"ఈ అబ్బాయికి మీరేమవుతారు?"

"మేనత్తను" అంది వల్లియమ్మ.

తడుముకోలేదు, గొంతు వణకలేదు. బండి ఎన్ని గంటలకు అంటే చెప్పినట్టు చెప్పింది. దేవరాజులు రాసుకున్నాడు.

తన మాటే పెద్ద బరువనుకుంది మీనాంబ ఇందాకటి దాకా. తను పట్టరాని సంతోషంతో ఏడుస్తూ అంది ఆ మాట. వదిన ఈ ఒక్క మాటతో బిడ్డను చేతిలో పెట్టేసింది, ఏడవను కూడా ఏడవలేదు. మీనాంబ చటుక్కున వంగి వల్లియమ్మ కాళ్లు పట్టుకుంది.

"లెయ్యే, అందురూ చూస్తా ఉండారు" అంది వల్లియమ్మ. లేపిన చేతులు మాత్రం ఆమెను వెంటనే వదల్లేదు.

"ఇంక నువ్వు పెట్టాలప్పా" అని దేవరాజులు మూడో కాగితం సుదర్శనం ముందుకు జరిపాడు. "ఇకమీదట ఎం. సుదర్శనం కాదు, సి. సుదర్శనం అని ఇందులో ఉంది."

సుదర్శనం కలం ముట్టుకోలేదు.

అప్పుడు నిన్నటి నుంచి ఆ ప్రమాణం తప్ప మరేమీ పలకని చెంగల్వరాయుడు నోరు విప్పాడు.

"వకీలుగారూ, ఆ ఎం అట్లే ఉండనీకూడదా? మా బావ పేరు అది. వాణ్ణి మనిషిని చేసింది ఆయన. నా పేరు కింద ఎక్కడో ఒకచోట ఉండనీ, ముందర ఆయనదే ఉండనీ."

"తండ్రి ఒకడు, ఇనీషియల్ ఇంకొకడిదీ ఎట్ల కుదురుతుంది రాయుడూ?"

"మీనాంబ కూడా ఎమ్మే గదా? తల్లిదని రాసుకోండి."

"ఇది బిందెల బేరం కాదయ్యా. తల్లి పేరు ఇనీషియల్‌గా ఎవరు పెడతారు? కవరు మళ్లీ తిరిగి వస్తుంది. ఈసారి వచ్చేలోగా మీ కప్పల్ సింగపూరు దాటిపోయుంటుంది."

సుదర్శనం చెంగల్వరాయుడి వైపు చూశాడు. నిన్న అన్న మాట గుర్తొచ్చిందో ఏమో, పెదవులు బిగబట్టుకున్నాడు. ఒక్క ఉదుటున మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాడు.

వల్లియమ్మ లేవబోయింది. ఇన్నేళ్లూ వాడు అలిగినప్పుడల్లా లేచి వెళ్లింది ఆమే.

"నువ్వు కూర్చో వదినా, నేను పోతాను" అంది మీనాంబ.

వాడు గోడ పక్కన నీడలో నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను పోను అత్తా. ఆ అక్షరం గూడా కొట్టేస్తే మా నాయన ఇంక యాడుంటాడు? రేడియో పక్కన కూర్చోని, ఒరే, ఒక్కసారన్నా కంటితో చూడాలరా అనేవాడు. నేను పోయి, ఆయన కొడుకును కాదని రాసిచ్చి ఆట చూసేదా?"

మీనాంబ వాడి చెయ్యి పట్టుకుంది. టీకా వేసిన చెయ్యి అని గుర్తొచ్చి మెల్లగా పట్టుకుంది.

"ఆయన మేలు నేను మరిచిపోతానా? బళ్లో ఆయన తన పేరు చెప్పబట్టే గదా నాకు నిబ్బరంగా నిద్ర పట్టింది. ఆ పేరు ఇన్నేళ్లు నీకు కాపలా కాసింది. ఆయన ఇప్పుడు ఉండుంటే, ఆట తప్పిపోతాది, బిరీన సంతకం పెట్టరా అని నీ వీపు మింద ఒకటి వేసుండడా?"

నిజమేనని వాడికీ తెలుసు.

"పో. లోపలికి పోయి సంతకం పెట్టు."

"పెట్టను."

"ఏమి పెట్టవు?" మీనాంబ గొంతు లేచింది. అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. "తిను అని నేను నిన్ను ఒక్కనాడు అనలేదు. పడుకో అని అనలేదు. జరమొచ్చి పడుంటే మందు తాగరా అని గసిరింది లేదు. దేనికైనా మీ అమ్మకు కబురు పంపించి ఆమె చేత చెప్పించినాను. నాకు హక్కు లేదని నోరు మూసుకోనుండాను. ఇప్పుడు మీ అమ్మే ఆ హక్కు నా చేతికిచ్చింది, వకీలు సీలు గూడా కొట్టినాడు. కన్నతల్లిని చెప్తా ఉండాను, విను. పోయి సంతకం పెట్టి, కప్పలెక్కి, ఆట చూసి, ఒళ్లు చెడకుండా తిరిగి ఇంటికి రా!"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకుంది మీనాంబ. కొడుకును తిట్టుకుంటున్న తల్లిని చూస్తున్నారు, అంతే కదా.

సుదర్శనం ఆమె ముఖంలోకి కొత్తగా చూశాడు. అలవాటుగా అత్తా అనబోయి ఆగాడు.

లోపలి నుంచి దేవరాజులు కేకేశాడు. "అబ్బాయి వస్తాడా రాడా? నాకు కోర్టుకు టైమవుతా ఉంది!"

మీనాంబ వాడి చెయ్యి వదలలేదు. వాడు విడిపించుకోనూ లేదు, కదలనూ లేదు.